నర్సుకు తొలి వార్డే చివరి వార్డా? విభాగం మారాలంటే నిబంధనలు ఏం చెబుతున్నాయి

నర్సింగ్ పూర్తిచేసి తొలి ఉద్యోగంలో చేరిన వారిని ఏ వార్డులో వేస్తారన్నది చాలా ఆసుపత్రుల్లో వారి ఇష్టాన్ని బట్టి ఉండదు. ఆ వారం ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడే పోస్టింగ్. పిల్లల వార్డు కోరుకున్న వారు డయాలసిస్‌లో, ఆపరేషన్ థియేటర్ అంటే భయపడే వారు అదే థియేటర్‌లో కెరీర్ మొదలుపెడతారు. ఆరు నెలలు గడిచేసరికి కొందరు ఆ పనికి అలవాటు పడతారు. మరికొందరిలో ‘నేను ఈ విభాగానికి పనికొస్తానా? మారితే ఇంతవరకు నేర్చుకున్నది వృథా అవుతుందా?’ అన్న ప్రశ్న మొదలవుతుంది.

ఇది ఒక్క నర్సు సొంత సమస్యగా కనిపిస్తుంది కానీ, దీని ప్రభావం రోగి మీదా పడుతుంది. నవజాత శిశువుల యూనిట్‌లో ఏడాది పాటు శిక్షణ పొందిన నర్సు వెళ్లిపోతే ఆ స్థానంలోకి వచ్చేది మళ్లీ కొత్తవారే. ఇష్టం లేని చోట బలవంతంగా ఉంచితే కొద్ది రోజులకు ఆ నర్సు ఉద్యోగమే మానేయవచ్చు. అందుకే ఉద్యోగంలో తొలి రెండు మూడేళ్లలో విభాగం మారడానికి చట్టం ఏమంటోంది, ఉన్న దారులేమిటి, ఎక్కడ ఇరుక్కునే ప్రమాదం ఉంది అన్నది తెలుసుకోవడం అవసరం.

లైసెన్సు ఒక్కటే.. పనులే వేరు

ముందుగా చట్టం సంగతి. మన దేశంలో మూడేళ్ల జీఎన్‌ఎం చేసినా, నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగ్ చేసినా రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో నమోదయ్యేది రిజిస్టర్డ్ నర్స్, రిజిస్టర్డ్ మిడ్‌వైఫ్‌గానే. ఐసీయూ నర్సుకు ఒక లైసెన్సు, ప్రసూతి వార్డు నర్సుకు మరో లైసెన్సు అంటూ లేవు. అంటే విభాగం మారడానికి కౌన్సిల్ అనుమతి అక్కర్లేదు, కొత్తగా రిజిస్ట్రేషన్ చేయించుకోవాల్సిన పని లేదు. అదనంగా ఏదైనా డిప్లొమా, పీజీ చేస్తే ఆ అర్హతను రిజిస్ట్రేషన్‌లో చేర్పించుకుంటే సరిపోతుంది.

మానసిక వైద్యం లాంటి ప్రత్యేక రంగంలోనూ ఇదే పరిస్థితి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ‘మెంటల్ హెల్త్ నర్స్’ నిర్వచనంలో సైకియాట్రిక్ నర్సింగ్ చదివిన వారితోపాటు జనరల్ నర్సింగ్ డిప్లొమా లేదా డిగ్రీ ఉన్నవారినీ చేర్చింది.

1947 నాటి ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ చట్టం స్థానంలో పార్లమెంటు 2023లో నేషనల్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కమిషన్ చట్టాన్ని తెచ్చింది. చదువు ప్రమాణాలు, జాతీయ రిజిస్టర్, కాలేజీల మదింపు లాంటివి ఈ చట్టం పరిధిలోకి వస్తాయి. ఏ వార్డు నర్సుకు ఏ శిక్షణ ఉండాలన్న ప్రమాణాలను పైనుంచి నిర్ణయించాల్సి వస్తే అందుకు తగిన వేదిక ఇదే.

కాగితం మీద ఇంత వెసులుబాటు ఉన్నా ఆచరణలో ఎందుకు కష్టం? లైసెన్సు ఒకటే అయినా పనులు ఒకటి కావు. థియేటర్ నర్సు ఆపరేషన్ ముగించే ముందు గాజు గుడ్డలు, పరికరాలు లెక్క చూసి అన్నీ సరిపోయాయని చెప్పాలి. పిల్లల వార్డులో ప్రతి మందూ బరువును బట్టి లెక్కగట్టాలి. నవజాత శిశువుకు ఎక్కించే ద్రవం గంటకు ఎన్ని మిల్లీలీటర్లన్నది సిరంజి పంపులో సరిగ్గా పెట్టాలి. మానసిక వైద్య వార్డులో రోగిని గొలుసులతో కట్టకూడదన్న చట్టం తెలిసి ఉండాలి. ఆవేశంలో ఉన్న మనిషిని మాటలతో శాంతపరచడం వచ్చి ఉండాలి. కాలేజీలో ఇవన్నీ తలా కొంచెం చూపిస్తారు. చేయి తిరగడం మాత్రం ఉద్యోగంలోనే.

ఎందుకు మారాలనుకుంటారు?

విద్యార్థిగా చూసిన ఆసుపత్రి వేరు, ఉద్యోగిగా చూసే ఆసుపత్రి వేరు. కొత్త నర్సులు ఎదుర్కొనే ఈ తొలి దెబ్బకు అమెరికా పరిశోధకురాలు మార్లిన్ క్రేమర్ 1974లోనే ‘రియాలిటీ షాక్’ అని పేరుపెట్టారు. కాలేజీలో నేర్పిన పద్ధతిలో పనిచేయడానికి వార్డులో సమయం, మనుషులు చాలనప్పుడు కలిగే నిస్పృహ ఇది.

కేంద్ర ఆర్థిక శాఖ పరిధిలోని స్టాఫ్ ఇన్‌స్పెక్షన్ యూనిట్ ప్రమాణాల ప్రకారం జనరల్ వార్డులో ఆరు పడకలకు ఒక నర్సు, ఐసీయూలో పడకకు ఒక నర్సు చొప్పున ఉండాలి. నైట్ డ్యూటీలో ఒక్కరే వార్డు మొత్తం చూసుకునే చోట పనిచేసిన వారికి ఈ అంకెలకూ వాస్తవానికీ ఉన్న దూరం తెలుసు. కాబట్టి మారాలనిపించినప్పుడు మొదట అడగాల్సిన ప్రశ్న, సమస్య ఎక్కడుందన్నది.

పని స్వభావం నచ్చలేదా? ఉదాహరణకు రోగులతో మాట్లాడటం ఇష్టపడే వారికి థియేటర్ వెలితిగా అనిపించవచ్చు. క్యాజువాలిటీ హడావుడి కొందరికి ఉత్సాహం, కొందరికి నిద్ర పట్టనివ్వని ఒత్తిడి. ఇలాంటప్పుడు విభాగం మారడమే సరైన మందు.

అలాకాకుండా ఇబ్బంది పెడుతున్నది సిబ్బంది కొరత, వరుస నైట్ డ్యూటీలు, ఇన్‌చార్జి సిస్టర్ వైఖరి లేదా జీతం అయితే, అదే ఆసుపత్రిలో మరో వార్డుకు మారినా పరిస్థితి మారకపోవచ్చు. అక్కడ మారాల్సింది విభాగం కాదు, ఆసుపత్రి.

జీతం విషయంలో ఒక కొలమానం ఉంది. ట్రెయిన్డ్ నర్సెస్ అసోసియేషన్ కేసులో 2016 జనవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాలతో కేంద్రం వేసిన కమిటీ, ప్రైవేటు ఆసుపత్రుల నర్సులకు కనీస జీతాలు సిఫార్సు చేసింది. 50 పడకల లోపు ఆసుపత్రిలో నెలకు కనీసం రూ.20 వేలు ఇవ్వాలంది. 50 నుంచి 100 పడకల ఆసుపత్రుల్లో జీతం ఆ రాష్ట్ర ప్రభుత్వ నర్సు జీతం కంటే 25 శాతానికి మించి తగ్గకూడదని, 100 నుంచి 200 పడకలుంటే 10 శాతానికి మించి తగ్గకూడదని, 200 పడకలు దాటితే ప్రభుత్వ నర్సుతో సమానంగా ఉండాలని చెప్పింది. వీటిని అమలు చేయడం రాష్ట్రాల చేతిలో ఉంది. కేరళ 2018లో నోటిఫికేషన్ ఇచ్చి కనీస వేతనాన్ని రూ.20 వేలకు పెంచింది. చేరబోయే ఆసుపత్రి ఇస్తానన్న జీతం ఈ సిఫార్సులకు ఎంత దూరంలో ఉందో చూసుకుంటే, మారడం వల్ల ఒరిగేదేమిటో కొంత తేలుతుంది.

ఎప్పుడు మారితే మంచిది?

దీనికి ఒక్క మాటలో జవాబు లేదు కానీ, ఆధారపడదగ్గ గుర్తులు రెండున్నాయి.

మొదటిది నైపుణ్యం. అమెరికా నర్సింగ్ ఆచార్యురాలు ప్యాట్రీషియా బెనర్ 1984లో ప్రచురించిన పుస్తకంలో నర్సు ఎదుగుదలను అయిదు మెట్లుగా వివరించారు. పూర్తిగా కొత్త స్థాయి నుంచి నిపుణురాలి వరకు సాగే ఈ క్రమంలో, ఒకే తరహా పనిలో రెండు మూడేళ్లు గడిపితే ‘సమర్థురాలు’ అనదగ్గ మూడో మెట్టు వస్తుందన్నది ఆమె అంచనా. ఆమె చెప్పిన మరో మాట ఇక్కడ ఇంకా ముఖ్యం. ఎంత అనుభవం ఉన్న నర్సయినా తనకు పరిచయం లేని రోగుల విభాగంలోకి వెళితే మళ్లీ మొదటి మెట్టు మీదే నిలబడాల్సి రావచ్చు. అలాగని నేర్చుకున్నది పోదు. రోగి ముఖం చూసి పరిస్థితి దిగజారుతోందని పసిగట్టడం, డాక్టర్‌కు సూటిగా సమాచారం ఇవ్వడం, కేస్ షీట్ రాయడం, ఒత్తిడిలో ఏ పని ముందో తేల్చుకోవడం ఎక్కడికి వెళ్లినా వెంట వస్తాయి. మందులు, యంత్రాలు, ఆ విభాగం పద్ధతులు మాత్రం కొత్తగా నేర్చుకోవాలి.

రెండోది అర్హత నిబంధనలు. పై కోర్సులు చాలావరకు కనీసం ఏడాది అనుభవం అడుగుతాయి. బీఎస్సీ తర్వాత ఎమ్మెస్సీ నర్సింగ్‌లో చేరాలన్నా, ఏడాది వ్యవధి పోస్ట్ బేసిక్ డిప్లొమాలు చేయాలన్నా రిజిస్ట్రేషన్ తర్వాత ఏడాది పనిచేసి ఉండాలి. కాబట్టి మూడు నాలుగు నెలలకే ఆసుపత్రి వదిలి, మధ్యలో ఖాళీగా ఉండిపోతే నష్టం ఎక్కువ. ఆరోగ్యం దెబ్బతింటున్నా, వేధింపులున్నా ఈ లెక్క వర్తించదు. అలాంటి చోట ఏడాది పూర్తికావాలని ఆగాల్సిన పని లేదు. మిగతా సందర్భాల్లో మాత్రం తొలి ఏడాది పూర్తిచేసి, ఆ సర్టిఫికెట్ చేతికొచ్చాక మారితే దారులు ఎక్కువగా తెరుచుకుంటాయి.

మారడానికి ఉన్న దారులు

*ఉన్న ఆసుపత్రిలోనే:* అన్నిటికంటే సులువైన దారి ఇదే. సర్వీసు తెగదు, జీతం తగ్గదు. నర్సింగ్ సూపరింటెండెంట్‌కు రాతపూర్వకంగా దరఖాస్తు ఇవ్వాలి. ‘ఈ వార్డు వద్దు’ అని కాకుండా ‘ఫలానా విభాగంలో పనిచేయాలని ఉంది, ఇందుకోసం ఫలానా శిక్షణ తీసుకున్నాను’ అని రాస్తే ఆ దరఖాస్తుకు విలువ ఉంటుంది. క్యాజువాలిటీ, ఐసీయూ వైపు వెళ్లాలనుకునే వారికి గుండె ఆగినప్పుడు చేసే ప్రాణరక్షణ శిక్షణలైన బీఎల్‌ఎస్, ఏసీఎల్‌ఎస్ ఉపయోగపడతాయి. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ ఇచ్చే ఈ సర్టిఫికెట్లు రెండేళ్లపాటే చెల్లుతాయి కాబట్టి తేదీ చూసుకోవాలి. ఎన్‌ఏబీహెచ్ గుర్తింపు ఉన్న ఆసుపత్రులు ఏ నర్సుకు ఏ పని చేసే అర్హత ఉందో నమోదు చేసి ఉంచాలి. అక్కడ మార్పు అడిగేటప్పుడు ఈ రికార్డు అక్కరకొస్తుంది.

*ఏడాది డిప్లొమా:* క్రిటికల్ కేర్, ఎమర్జెన్సీ, ఆంకాలజీ, నియోనేటల్, ఆపరేషన్ రూమ్, నెఫ్రాలజీ, సైకియాట్రీ, ఆర్థోపెడిక్స్ లాంటి విభాగాల్లో ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ పాఠ్యప్రణాళికతో పోస్ట్ బేసిక్ డిప్లొమాలు ఉన్నాయి. జీఎన్‌ఎం వారూ చేరవచ్చు. చేరేముందు ఆ సంస్థకు ఆ కోర్సు నడిపే గుర్తింపు ఉందో లేదో చూసుకోవాలి. గుర్తింపు లేని చోట ఇచ్చే ‘క్రిటికల్ కేర్ సర్టిఫికెట్’ గోడకు తగిలించుకోవడానికి తప్ప రిజిస్ట్రేషన్‌లో చేర్చడానికి పనికిరాదు.

*నర్స్ ప్రాక్టీషనర్:* క్రిటికల్ కేర్‌లో రెండేళ్ల రెసిడెన్సీ పీజీ కోర్సు ఉంది. బీఎస్సీ చేసి, కనీసం ఏడాది క్లినికల్ అనుభవం ఉన్నవారికి ఇది దారి. ఐసీయూలో పనిచేసిన వారికి ప్రాధాన్యం ఉంటుంది.

*మిడ్‌వైఫరీ:* ప్రసూతి సేవల వైపు రావాలనుకునే వారికి ఇది కొత్తగా తెరుచుకున్న దారి. సాధారణ కాన్పులను శిక్షణ పొందిన మిడ్‌వైఫ్‌లే నడిపించేలా కేంద్రం 2018 డిసెంబరులో మార్గదర్శకాలు విడుదల చేసింది. నర్స్ ప్రాక్టీషనర్ ఇన్ మిడ్‌వైఫరీ శిక్షణ 18 నెలలు ఉంటుంది. తెలంగాణ ఒక అడుగు ముందే వేసింది. ఫెర్నాండెజ్ ఆసుపత్రి, యూనిసెఫ్ సహకారంతో 2017లోనే కరీంనగర్‌లో ప్రభుత్వ నర్సులకు ఈ శిక్షణ ప్రారంభించింది. సిజేరియన్లు ఎక్కువగా జరిగే రాష్ట్రం కావడం ఇందుకు ప్రధాన కారణం.

*గ్రామ స్థాయి:* ఆసుపత్రి వాతావరణమే సరిపడని వారికి కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్ ఉద్యోగం ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో వీరినే ఎంఎల్‌హెచ్‌పీలని పిలుస్తారు. బీపీ, షుగర్ పరీక్షలు, గర్భిణులకు సేవలు, మందులివ్వడం వీరి పని. నైట్ డ్యూటీ ఉండదు. కానీ ఆన్‌లైన్ నమోదులు, ఊళ్లో ఒంటరిగా నిర్ణయాలు తీసుకోవాల్సిన బాధ్యత ఉంటాయి. ఇవి ఎక్కువగా జాతీయ ఆరోగ్య మిషన్ కింద కాంట్రాక్టు ఉద్యోగాలన్నది మరచిపోకూడదు.

*ఎమ్మెస్సీ:* మెడికల్ సర్జికల్, చైల్డ్ హెల్త్, ప్రసూతి, కమ్యూనిటీ హెల్త్, మెంటల్ హెల్త్.. ఈ అయిదింటిలో ఒకటి ఎంచుకోవాలి. పై దారులన్నిట్లో వెనక్కి రావడం కష్టమైనది ఇదే. ఆ తర్వాత బోధనలోకి వెళ్లినా అదే సబ్జెక్టు వెంట ఉంటుంది. తొలి వార్డు నచ్చలేదన్న ఒక్క కారణంతో హడావుడిగా ఎమ్మెస్సీలో చేరడం కంటే, ఎంచుకోబోయే విభాగంలో కొన్ని నెలలైనా పనిచేసి చూడటం మేలు.

ప్రభుత్వాసుపత్రిలో చిక్కు వేరు

ప్రభుత్వ సర్వీసులో స్టాఫ్ నర్సు అనేది ఒకే పోస్టు. కేంద్రం 2016లో ఈ పేరును నర్సింగ్ ఆఫీసర్‌గా మార్చింది. తెలుగు రాష్ట్రాల్లో అక్కడి నుంచి మెట్టు మెట్టుగా పై పోస్టులకు పదోన్నతులు వస్తాయి. ఈ నిచ్చెనలో ఎక్కడా విభాగం ప్రస్తావన ఉండదు. ఏళ్ల తరబడి శిశు విభాగంలో పనిచేసిన నర్సు హెడ్ నర్సుగా ఎముకల వార్డుకు వెళ్లవచ్చు. బదిలీపై మరో జిల్లాకు వెళితే అక్కడ ఖాళీ ఎక్కడుంటే అక్కడే.

ఈ రొటేషన్‌లో ఒక మంచి ఉంది. కొత్తవారికి అన్ని విభాగాలూ చూసే అవకాశం వస్తుంది. కష్టమైన వార్డు ఎప్పుడూ కొందరి మీదే పడకుండా ఉంటుంది. కానీ ప్రభుత్వ పథకాలే దీనికి భిన్నంగా చెబుతున్నాయి. ప్రసూతి గదుల నాణ్యత పెంచడానికి 2017లో వచ్చిన ‘లక్ష్య’ మార్గదర్శకాలు లేబర్ రూమ్ నర్సులను వేరే వార్డులకు తిప్పవద్దని చెప్పాయి. నవజాత శిశువుల ప్రత్యేక యూనిట్లు, అంటే ఎస్‌ఎన్‌సీయూల మార్గదర్శకాలూ ఇదే మాట అంటాయి. ప్రత్యేక శిక్షణ ఇచ్చిన నర్సును ఆర్నెల్లకు మరో వార్డుకు పంపిస్తే ఆ శిక్షణ ఖర్చు, ఆ శిశువులకు దొరకాల్సిన నైపుణ్యం రెండూ పోతాయన్నది ఇందులోని తర్కం.

ఇక్కడే కొత్త నర్సు ఇరకాటంలో పడుతుంది. తిప్పవద్దన్న నిబంధన ఆ విభాగం ఇష్టపడే వారికి రక్షణ. అది సరిపడని వారికి సంకెల. ఎస్‌ఎన్‌సీయూలో వేసిన వారు బయటికి రావాలంటే ‘శిక్షణ తీసుకున్నావు, నీ స్థానంలోకి ఎవరు వస్తారు?’ అన్న ప్రశ్న ఎదురవుతుంది. పోస్టింగ్‌కు ముందే ఇష్టాయిష్టాలు అడిగి, ఒప్పుకున్న వారికే శిక్షణ ఇస్తే ఈ చిక్కు చాలావరకు ఉండదు. ప్రభుత్వంపై దీనికి అదనపు ఖర్చేమీ పడదు.

ప్రభుత్వ ఉద్యోగ పరీక్షలకు నష్టమా?

ప్రైవేటులో విభాగం మారితే ప్రభుత్వ నియామకాల్లో మార్కులు పోతాయేమోనన్న భయం చాలామందిలో ఉంది. అది అక్కర్లేదు. ఎయిమ్స్‌లలో నర్సింగ్ ఆఫీసర్ల కోసం నిర్వహించే నార్‌సెట్‌కు బీఎస్సీ వారికి అనుభవం తప్పనిసరి కాదు. జీఎన్‌ఎం వారికి మాత్రం కనీసం 50 పడకల ఆసుపత్రిలో రెండేళ్ల అనుభవం కావాలి. అది ఏ వార్డులో అన్నది అడగరు. పడకల సంఖ్య మాత్రం అడుగుతారు. 30 పడకల నర్సింగ్ హోమ్‌లో మంచి విభాగం దొరికిందని వెళ్లే జీఎన్‌ఎం నర్సు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

తెలంగాణలో వైద్యారోగ్య సర్వీసుల నియామక బోర్డు 2024లో ఇచ్చిన నర్సింగ్ ఆఫీసర్ల నోటిఫికేషన్‌లో రాత పరీక్షకు 80 మార్కులు, ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాంట్రాక్టు లేదా అవుట్‌సోర్సింగ్ సేవకు 20 మార్కులు కేటాయించారు. పూర్తయిన ప్రతి ఆరు నెలల సర్వీసుకు లెక్క. ఇక్కడా విభాగంతో పని లేదు. కానీ అయిదున్నర నెలలకు కాంట్రాక్టు ఉద్యోగం వదిలి వస్తే ఆ కాలానికి మార్కులు రావు. రాజీనామా తేదీ నిర్ణయించుకునేటప్పుడు ఇది చూసుకోవాలి.

బాండ్, ఒరిజినల్స్: అసలు అడ్డంకి

ప్రైవేటు ఆసుపత్రి మారాలనుకునే వారికి ఎక్కువగా ఎదురయ్యే అడ్డంకి బాండ్. ‘రెండేళ్లు పనిచేయాలి, మధ్యలో మానేస్తే ఇంత కట్టాలి’ అని చేరేటప్పుడే సంతకం పెట్టిస్తారు. కొన్ని చోట్ల ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకుని బీరువాలో పెట్టుకుంటారు.

‘బాండ్లు చెల్లవు’ అని గట్టిగా నమ్మేవారున్నారు. అది పూర్తి నిజం కాదు. 2025 మే నెలలో విజయా బ్యాంక్ కేసులో సుప్రీంకోర్టు, మూడేళ్ల లోపు మానేస్తే రూ.2 లక్షలు చెల్లించాలన్న షరతును సమర్థించింది. ఉద్యోగంలో ఉన్న కాలానికి పెట్టిన ఇలాంటి షరతు, వృత్తి చేసుకోకుండా అడ్డుకునే ఒప్పందాలను రద్దు చేసే కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ కిందికి రాదని చెప్పింది. అయితే అది బహిరంగ పోటీ ద్వారా నియామకాలు చేపట్టాల్సిన ప్రభుత్వరంగ బ్యాంకు వ్యవహారం, అక్కడ ఉద్యోగి మేనేజర్ హోదాలో ఉన్నారు. తక్కువ జీతానికి పనిచేసే కొత్త నర్సు విషయంలో అదే తూకం యథాతథంగా వర్తిస్తుందని అనుకోనక్కర్లేదు. కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం ఒప్పందంలో ఎంత మొత్తం రాసుకున్నా, కోర్టు ఇప్పించేది సహేతుకమైన పరిహారమే. రాసుకున్న మొత్తం దానికి గరిష్ఠ పరిమితి మాత్రమే.

కాబట్టి సంతకం పెట్టేముందు మూడు సంగతులు చూసుకోవాలి. ఆసుపత్రి నిజంగా ఖర్చుపెట్టి శిక్షణ ఇస్తోందా, లేక బాండ్ మాత్రమే రాయించుకుంటోందా? కట్టాల్సిన మొత్తం పనిచేసిన నెలలను బట్టి తగ్గుతుందా? అదే ఆసుపత్రిలో విభాగం మారితే బాండ్ మళ్లీ మొదటి నుంచి లెక్కిస్తారా? ఈ మూడో షరతును గమనించకుండా సంతకం చేసేవారే ఎక్కువ.

ఒరిజినల్స్ విషయం మాత్రం సూటిగా చెప్పవచ్చు. చూపించి, నకళ్లు ఇవ్వాలి. ఒరిజినల్స్ అప్పగించకూడదు. తప్పనిసరై ఇవ్వాల్సి వస్తే ఏ తేదీన ఏ సర్టిఫికెట్లు తీసుకున్నారో ముద్ర వేసిన రసీదు తీసుకోవాలి.

2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన లేబర్ కోడ్‌లు ఈ విషయంలో కొంత బలాన్నిస్తాయి. నియామక పత్రం ఇవ్వడం యాజమాన్యం బాధ్యత. రాజీనామా చేసిన ఉద్యోగికి రావాల్సిన వేతనాన్ని రెండు పనిదినాల్లో చెల్లించాలని వేతనాల కోడ్ చెబుతోంది. పీఎఫ్ ఖాతాను డ్రా చేసుకోకుండా అదే యూఏఎన్‌తో కొత్త ఆసుపత్రికి బదిలీ చేయించుకుంటే సర్వీసు కొనసాగుతుంది.

విదేశాలకు వెళ్లాలనుకునే వారు

ఇక్కడ మాత్రం విభాగానికి విలువ ఎక్కువ. గల్ఫ్ ఆసుపత్రుల ప్రకటనల్లో ఐసీయూ, థియేటర్, ఎమర్జెన్సీ అంటూ విడివిడిగా పోస్టులుంటాయి. ‘సంబంధిత విభాగంలో’ ఇటీవలి అనుభవం అడుగుతారు. డేటాఫ్లో లాంటి సంస్థలు సర్టిఫికెట్ ఇచ్చిన ఆసుపత్రినే నేరుగా సంప్రదించి నిజానిజాలు తేల్చుకుంటాయి. ఏడాదికో విభాగం చొప్పున మారిన వారికి మొత్తం మూడేళ్ల అనుభవం ఉన్నా, ఏ ఒక్క పోస్టుకూ సరిపోకపోవచ్చు. బ్రిటన్‌లో మిడ్‌వైఫ్‌గా రిజిస్ట్రేషన్ నర్సు రిజిస్ట్రేషన్‌కు వేరు కాబట్టి, ఇక్కడ రెండూ ఒకటే కదా అనుకుని వెళితే ఇబ్బంది పడతారు. విదేశాల ఆలోచన ఉన్నవారు విభాగం మారడమేదో మొదటి ఏడాదిలోనే మారి, తర్వాత రెండేళ్లు అక్కడే నిలబడటం లాభం. జర్మనీ, జపాన్ లాంటి దేశాల నియామకాలకు తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ఓమ్‌క్యాప్ అనే ప్రభుత్వ సంస్థలున్నాయి. దళారులకు డబ్బు కట్టేముందు అక్కడ విచారించడం మంచిది.

దేశంలో ఉన్నా, విదేశాలకు వెళ్లినా పనికొచ్చే జాగ్రత్త ఒకటుంది. అనుభవ ధ్రువపత్రంలో ‘స్టాఫ్ నర్సుగా పనిచేశారు’ అని ఒక్క వాక్యం రాయించుకుని రావద్దు. ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు ఏ విభాగంలో, ఎన్ని పడకల ఆసుపత్రిలో పనిచేశారో రాయించుకోవాలి. ఆసుపత్రి మూతపడితేనో, యాజమాన్యం మారితేనో తర్వాత ఆ వివరాలు సంపాదించడం చాలా కష్టం.

కొత్త వార్డులో తొలి వారాలు

విభాగం మారిన నర్సుకు ‘అనుభవం ఉంది కదా’ అని మొదటి రోజే పూర్తి బాధ్యత అప్పగించడం ప్రమాదకరం. పొరపాట్లకు ఎక్కువ ఆస్కారం ఉన్నది ఇక్కడే. పెద్దల వార్డు నుంచి పిల్లల వార్డుకు వచ్చిన వారికి మోతాదు లెక్కలో దశాంశ బిందువు ఒక స్థానం తప్పితే మందు పది రెట్లు అవుతుంది. గాఢమైన పొటాషియం క్లోరైడ్, ఇన్సులిన్, హెపారిన్ లాంటి మందులను ఇద్దరు సరిచూశాకే ఇవ్వాలన్న నియమం ఇందుకే.

కొత్తగా వచ్చిన వారు అడిగి తీసుకోవాల్సినవి కొన్నున్నాయి. కనీసం కొన్ని వారాలు ఒక సీనియర్ నర్సుతో కలిసి అదే షిఫ్టులో డ్యూటీ. ఆ విభాగంలో ఎక్కువగా వాడే మందులు, యంత్రాల జాబితా. చేసి చూపించిన పనులకు సీనియర్ సంతకంతో ఒక రికార్డు. ఒంటరిగా నైట్ డ్యూటీ వేయడానికి ముందు ఈ రికార్డు పూర్తికావాలన్న మాట. తెలియని పనిని ‘తెలియదు’ అని చెప్పడం ఆ వారాల్లో నామోషీ కాదు, రోగికి రక్షణ. అలా చెప్పిన వారిని అందరి ముందూ మందలించే వార్డులో మరుసటి సారి ఎవరూ చెప్పరు. ఆ నష్టం రోగి భరిస్తాడు.

మారాల్సింది నర్సు ఒక్కరేనా?

ఇప్పుడున్న పద్ధతిలో విభాగం ఎంపిక భారమంతా ఇరవై రెండు, ఇరవై మూడేళ్ల నర్సు మీదే ఉంది. ఆసుపత్రికి ఖాళీ నిండితే చాలు. ప్రభుత్వానికి పోస్టు భర్తీ అయితే చాలు. ఏ వార్డులో ఎవరు ఎంతకాలం పనిచేశారన్న లెక్క నియామకంలోనూ లేదు, బదిలీలోనూ లేదు, పదోన్నతిలోనూ లేదు. అనుభవానికి గుర్తింపు లేనప్పుడు ఒకే చోట నిలబడి నైపుణ్యం పెంచుకోవడానికి నర్సుకు కారణమేముంటుంది?

దీన్ని సరిదిద్దడానికి కొత్త చట్టం కోసం ఆగనక్కర్లేదు. చేరిన తొలి ఏడాదిలో కొత్త నర్సులను మూడు నాలుగు విభాగాల్లో తిప్పి, ఏడాది చివర ఇష్టం అడిగి, ఆ తర్వాత కనీసం రెండేళ్లు ఒక చోట స్థిరంగా ఉంచవచ్చు. బోధనాసుపత్రుల్లో ఇది డ్యూటీ చార్ట్ వేసే పద్ధతి మార్చుకున్నంత పని. లేబర్ రూమ్, ఎస్‌ఎన్‌సీయూ, ఐసీయూలకు శిక్షణ పొందిన వారి జాబితా జిల్లా స్థాయిలో ఉంటే, బదిలీ అయినా అదే విభాగంలో వేయవచ్చు. ప్రైవేటు ఆసుపత్రులు బాండ్ మీద పెట్టే శ్రద్ధలో సగం శిక్షణ మీద పెడితే, కట్టేయకుండానే మనుషులు నిలబడతారు.

అప్పటిదాకా కొత్త నర్సులు గుర్తుంచుకోవాల్సింది ఒకటే. తొలి వార్డు మీరు ఎంచుకున్నది కాదు కాబట్టి, అది నచ్చకపోవడం మీ వైఫల్యం కాదు. మారే హక్కు మీ రిజిస్ట్రేషన్‌లోనే ఉంది. కాకపోతే ఏడాది పూర్తయ్యాక, ఎందుకు మారుతున్నారో తెలుసుకుని, తేదీలతో సహా రాసిన అనుభవ పత్రం చేతిలో పెట్టుకుని మారండి.